పది లైన్ల రోగం

పోయిన నెలలో ఒక కుర్రాడు మా అంగడికొచ్చి, మామగారి వైకుంఠ సమారాధనకు కార్డులు కొట్టివ్వమన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి కార్డు తనే తయారు చేసుకొచ్చాడు. తెరిచి చూశాను. పోయినాయన ఫొటో కుడి మూలకు పోయి ఉంది. దానికి వేసిన పూలదండ తేదీ మీద పడింది. సమారాధన ఏ రోజో తెలియాలంటే చుట్టాలు దండ ఎత్తి చూసుకోవాలి.

"ఇదేంటయ్యా, తేదీ పూల కిందికి పోయింది?"

"ఎంత ట్రై చేసినా అంతే అంకుల్. ఫొటో జరిపితే అడ్రస్ నెక్స్ట్ పేజీకి పోతోంది. మీరే కొంచెం అటూ ఇటూ తోసేయండి."

తోసేయండి అన్న మాట విన్నాక ఫొటోలో మనిషిని సరిగ్గా చూశాను. దారం కట్టిన కళ్లజోడు. చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న స్టీలు స్కేలు. ఫొటోకి కూర్చున్నప్పుడు కూడా తీయలేదన్నమాట. బతికినన్నాళ్లూ ఏ పుటలోనూ ఏ బొమ్మనూ తోయనివ్వని మనిషిని, పోయి పది రోజులు కాకముందే సొంత అల్లుడు మూలకు తోసేశాడు.

కార్డు సరిచేసి ఇచ్చాను. ఆ పని చేస్తున్నంతసేపూ వెనక ఎవరో నిలబడి తప్పులు ఎంచుతున్నట్టే ఉంది.

ఆయన మా అంగట్లో ఎందుకు ఉండేవాడో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కన్నడ సీమలో హొసకోటె. నాన్నకు ఇనుప సామాన్ల అంగడి, పెదనాన్నకు బట్టల అంగడి, మేనమామకు వక్కల మండీ. మా ఇళ్లలో పిల్లలు నడక కంటే ముందు బేరం నేర్చుకుంటారు. నేనైతే చిన్నప్పుడు గుడి పూజారితో ప్రదక్షిణాలకు బేరమాడి, పదకొండును ఏడుకు దించినవాణ్ణి. తొంభైల్లో, ఇనుము మోయడం కష్టం, అక్షరాలైతే తేలిక అనుకుని, పాత మద్రాసు రోడ్డుకు దగ్గరలో ఒక పరిశోధన సంస్థ వెనక గేటుకు ఎదురుగా కంప్యూటర్ టైపింగ్ అంగడి పెట్టాను. థీసిస్‌లు టైపు చెయ్యడం, ప్రింటు తియ్యడం, బైండు చెయ్యడం. అక్షరాలు ఇనుము కంటే బరువని మొదటి సంవత్సరంలోనే తెలిసిపోయింది.

ఎందుకంటే అక్కడి విద్యార్థులు లేటెక్ అనే పద్ధతిలో రాసేవాళ్లు. మామూలు టైపింగులో ఏది ఎక్కడ పెడితే అది అక్కడే ఉంటుంది. లేటెక్‌లో అట్లా కాదు. మాటల మధ్యలో ఇది అధ్యాయం, ఇది పట్టిక, ఇది బొమ్మ అని గుర్తులు రాసుకుంటూ పోవాలి. మొత్తం రాసి యంత్రానికి అప్పజెబితే అది చదువుకుని పుటలు కడుతుంది. ఏ బొమ్మ ఏ పుటలో కూర్చోవాలో అదే నిర్ణయిస్తుంది. చోటు చాలకపోతే తర్వాతి పుటకు పంపుతుంది. మనం ఎంత మొత్తుకున్నా వినదు. ఒకటే ధర అని బోర్డు పెట్టిన అంగడి లాంటిది. అట్లాంటి బోర్డు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఫొటోలోని ఈ పెద్దాయన ఆ సంస్థలోనే అచ్చు విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. అంతకు ముందు ఏదో ప్రెస్సులో సీసం అక్షరాలు చేత్తో పేర్చిన కంపోజిటర్. కాడుగోడి నుంచి బస్సులో వచ్చి, పొద్దున పదికల్లా మా గుమ్మం పక్క స్టూలు మీద కూర్చునేవాడు. నేను రమ్మనలేదు. పొమ్మననూ లేదు. లేటెక్‌లో పడిన ముడి విప్పగలవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఊరికే వచ్చి అంగట్లో కూర్చున్న సరుకును వద్దనే రక్తం కాదు మాది.

అయితే ఆ సరుకుకు ఒక షరతు ఉండేది.

"సార్, మా థీసిస్‌లో..." అని ఎవరైనా ఫ్లాపీ చాపగానే, ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"అంతా నాకు చూపించొద్దప్పా. పది లైన్ల రోగం తీసుకురా."

అంటే ఏమిటో కొత్తవాళ్లకు అర్థమయ్యేది కాదు. రెండు వందల పుటల్లో ఎక్కడో తప్పుంది. సగం తీసేసి, మిగిలిన సగాన్నే యంత్రానికి ఇవ్వాలి. రోగం ఇంకా కనిపిస్తే అది ఈ సగంలో ఉన్నట్టు. కనిపించకపోతే తీసేసిన సగంలో ఉన్నట్టు. రోగమున్న సగాన్ని మళ్లీ రెండు చెయ్యాలి. అట్లా కోసుకుంటూ పోయి, ఇంక ఒక్క లైను తీసినా రోగం కనిపించదు అన్నంత చిన్నదిగా చేసి తేవాలి. అప్పుడు కళ్లజోడు తుడుచుకుని చూస్తాడు. అంతవరకూ అమ్మాయిలు ఏడ్చినా, అబ్బాయిలు కాళ్లు పట్టుకున్నా, దారిన పోయే బస్సుల నంబర్లు చదువుతూ కూర్చుంటాడు.

నాకు కడుపుమంట ఎక్కడంటే, పదిమందిలో ఎనిమిదిమంది అట్లా కోస్తూ కోస్తూ ఉండగానే తప్పు తామే పట్టుకునేవాళ్లు. మూయని బ్రాకెట్టో, ఒకటి తక్కువైన గుర్తో. పట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. అంగడి గుమ్మంలో కూర్చుని, 'మీ ఇంట్లోనే ఉంటుంది, పోయి వెతుక్కోండి' అని గిరాకీని వెనక్కి పంపే మనిషిని ఎవరైనా చూశారా? నేను ఏళ్ల తరబడి చూశాను. కాఫీ కూడా తెప్పించాను.

ఒకసారి ఒక పేరుమోసిన ప్రొఫెసరు గారు వచ్చారు. మూడు వందల పుటల పుస్తకం రాశారు, అది పదిహేడో పుట దగ్గర ఆగిపోతోంది. మనవాడు మామూలు మాటే చెప్పాడు. ఆయనకు కోపం వచ్చింది.

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలీదు సార్. మీరు యాడో ఒక గుర్తు పెట్టి మూయలేదని మాత్రం తెలుసు."

"అదెక్కడో చెప్పొచ్చు కదా!"

"నేను చెప్తే ఇంకో పుస్తకంలో ఇంకోటి మూయరు సార్. మళ్లీ వస్తారు. మా శెట్టికి మీరొస్తే సంతోషమే. నాకు కాదు."

శెట్టి అంటే నేను. ప్రొఫెసరు గారు నావైపు చూశారు. నేను ప్రింటరుకు కాగితం పెడుతున్నట్టు వంగాను. ఆయన మళ్లీ మా అంగడి మెట్టెక్కలేదు. పుస్తకం మాత్రం తప్పు లేకుండా వచ్చిందని విన్నాను.

ఇంకొక జాడ్యం ఉండేది. పుటలు కట్టినప్పుడల్లా యంత్రం తన గోడునంతా ఒక చిట్టాలో రాసి పెడుతుంది: ఇక్కడ లైను ఎక్కువైంది, అక్కడ ఖాళీ పడింది అని. దాన్ని ఎవరూ చదవరు. ఈయన మాత్రం ఉగాది నాడు పంచాంగం చదివే అయ్యవారి గొంతుతో పైకి చదివేవాడు. "నలభై మూడో పుట, రెండు పాయింట్లు బయటికి. నలభై ఏడో పుట, అరపాయింటు బయటికి." అంగట్లో ఇంకెవరైనా మాట్లాడితే ఆగి, వాళ్లు ఆపేదాకా చూసి, మళ్లీ మొదటి నుంచి చదివేవాడు. మనిషి తిండి కూడా అట్లాగే. ఎదురు హోటల్లో దోసె తెప్పిస్తే, ప్లేటు అంచు దాటి వేలాడుతున్న ముక్కను ముందు తుంచి తినేసేవాడు. దోసె ప్లేటులో ఇమిడాకే చట్నీ అడిగేవాడు.

తన పంతం తన ఇంటి మీదికి వచ్చినప్పుడు కూడా ఆయన మారలేదు. రెండో కూతురి పెళ్లికార్డు తనే లేటెక్‌లో కట్టాడు. ఇప్పుడు నాకు సమారాధన కార్డు తెచ్చిన అల్లుడి పెళ్లే అది. ఒక చిన్న కార్డు, రెండు వైపులు. పైన వినాయకుడి బొమ్మ, కింద ముహూర్తం. కానీ వినాయకుడు ముందు వైపు పట్టలేదు. యంత్రం ఆయన్ను తీసుకెళ్లి వెనక వైపు, భోజనాల మాట కింద కూర్చోబెట్టింది. చేత్తో పైకి పెట్టెయ్యడం నాకు నిమిషం పని. నా చేతిని ఆయన రానివ్వలేదు. కార్డులు అట్లాగే అచ్చయ్యాయి. వియ్యంకుడు కార్డు పట్టుకుని మా అంగడికే వచ్చాడు.

"ఏమండీ, విఘ్నేశ్వరుడు చివర్లో వస్తాడా? ఎక్కడైనా విన్నారా?"

మనవాడు నింపాదిగా జవాబిచ్చాడు. "ఆయప్పను పైన పెడితే ముహూర్తం వెనకాలకు పోతాదండీ. దేవుడు సర్దుకుంటాడు. ముహూర్తం సర్దుకోదు."

వియ్యంకుడు నావైపు చూశాడు. గుడిలోనే ప్రదక్షిణాలు తగ్గించినవాణ్ణి, దేవుడి తరఫున నేనేం మాట్లాడతాను!

ఇన్ని చెప్పినా ఆయన ఎట్లాంటివాడో చెప్పినట్టు కాదు. దానికి ఎస్తేరు థీసిస్ సంగతి చెప్పాలి. అందులో నేను చేసిన పని కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎస్తేరుది ఒంగోలు వైపు. తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సు. కాంక్రీటులో ఇనుప చువ్వలు ఎట్లా తుప్పు పడతాయో ఆరేళ్లు చూసి, ఫొటోలు తీసి, థీసిస్ రాసింది. వాళ్ల ఊరికి దగ్గర్లో ఒక ఇంజినీరింగు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఖాయమైంది. కానీ థీసిస్ సమర్పించినట్టు సంస్థ ఇచ్చే రసీదు సోమవారం పొద్దున అక్కడ చూపించాలి. చూపించకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. శనివారం ఆఫీసు ఉండదు. అంటే శుక్రవారం సాయంత్రం అయిదులోపల రసీదు చేతికి రావాలి.

ఆ సంస్థలో థీసిస్‌ను మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిప్పి చూసేది ఒక్క గుమాస్తా మాత్రమే. అదీ అంచులు. ప్రతి పుట మీదా స్కేలు పెట్టి కొలుస్తాడు. లోపల ఏం రాసి ఉన్నా ఆయనకు అభ్యంతరం లేదు. బుధవారం నాడు ఎస్తేరు థీసిస్‌ను వెనక్కి పంపేశాడు. నాలుగో అధ్యాయంలో తుప్పు ఫొటోలు వాటి వాటి చోట్ల లేకుండా, అన్నీ పోయి అధ్యాయం చివర కుప్పగా పడ్డాయి. ఆ రెండు రోజులూ ఆ పిల్ల ఏవేవో గుర్తులు చేర్చి బొమ్మల్ని వెనక్కి లాగాలని చూసింది. శుక్రవారం పదకొండుకు మా అంగడికి వచ్చేసరికి యంత్రం పుటలు కట్టడమే మానేసింది. చోటు దొరకని బొమ్మలు మరీ ఎక్కువైపోయాయి, నావల్ల కాదు అని ఒక లైను చూపించి ఆగిపోతోంది.

"పది లైన్ల రోగం తీసుకురామ్మా," అన్నాడు ఈయన.

"అయ్యో, టైము లేదండీ! సాయంత్రం అయిదుకు ఇచ్చెయ్యాలి. ఇప్పుడు కోసుకుంటూ కూర్చుంటే ఎట్లాగండీ?"

ఆయన బస్సుల వైపు తిరిగాడు.

నేను ఎస్తేరుకు సైగ చేసి లోపలి కంప్యూటరు దగ్గరికి పిలిచాను. "ఆయనతో పెట్టుకుంటే మీకు పెన్షను వయసు వస్తాది. రండి, మనం తోసేద్దాం." తోయడమంటే, బొమ్మకు పైన కొంత ఖాళీ తగ్గించు, కింద కొంత పెంచు, ఇక్కడే ఉండు అని గద్దించు. యంత్రంతో బేరమన్నమాట. నాకు తెలిసిన విద్య అదొక్కటే. మొదట ఒక బొమ్మ దారికొచ్చింది. ఎస్తేరు "థాంక్యూ ప్రభువా" అంది. నాకు గర్వమైంది. దాని వెనక బొమ్మ పోయి మాటల మీద కూర్చుంది. దాన్ని జరిపితే ఇంకోటి పుట దాటి సగం తెగిపోయింది. గోనెసంచిని ఒకవైపు నొక్కితే ఇంకోవైపు ఉబ్బినట్టు, ఒంటిగంటయ్యేసరికి అధ్యాయమంతా ఉబ్బులే. దానికి తోడు, 'బొమ్మ చూడండి' అని రాసిన ప్రతిచోటా బొమ్మ నంబరు బదులు రెండేసి ప్రశ్నార్థకాలు వచ్చి నిలబడ్డాయి. ఎస్తేరు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈయన పెరుగన్నం ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూశాడు.

"ఎవురప్పా ఇట్ల తోసింది?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"శెట్టీ, నువ్వు తోసిందంతా తీసెయ్. అమ్మా, నువ్వు తోసింది కూడా. బొమ్మల్ని ఉత్త బొమ్మలుగా ఉండనీ. ఇప్పుడు సగం తీసెయ్."

"నా థీసిస్‌లో సగమా సార్?"

"పారెయ్యమనలేదు కదమ్మా. పక్కన పెట్టు. టైము లేదంటివే, టైము లేకనే సగం తీసెయ్యమనేది."

కోయడం మొదలుపెట్టింది. మిగతా అధ్యాయాలు పక్కన పెట్టింది. రోగం పోలేదు, నాలుగో అధ్యాయంలోనే ఉంది. అందులో చివరి పది బొమ్మలు తీసింది. రోగం ఉంది. ఇంకో అయిదు తీసింది. ఉంది. తర్వాత రాతంతా తీసేసింది, అయినా ఉంది. చివరికి ఒక్క ఫొటో, దానికి అటూ ఇటూ రెండు లైన్లు మిగిలాయి. పగిలిన కాంక్రీటులో నిలువుగా ఒక తుప్పు చువ్వ. ఒంటరిగా ఉన్నా అది ఉన్న చోట కూర్చోకుండా చివరికే పోయింది.

"ఇప్పుడు చిట్టా చదువు," అన్నాడు.

ఎస్తేరు చదివింది. ఆ బొమ్మ పుటకంటే మూడు పాయింట్లు పొడుగు అని రాసి ఉంది. మూడు పాయింట్లంటే ఒక మిల్లీమీటరు.

"రేషను అంగట్లో క్యూ చూసినావు కదా. ముందర నిలబడినోడు లోపలికి దూరలేడు. వాడు తలుపులోనే నిలబడి ఉండాడు. వెనకోళ్లను వరస తప్పి పోనీదు ఈ యంత్రం. అందుకే అందరూ చివర్న కుప్ప. వెనకోళ్లను తోసి ఏం లాభం?"

"మా గైడు గారు పగులు బాగా కనపడాలి, పెద్దది చెయ్యమన్నారండీ," అంది ఎస్తేరు. "ఈ మాట బుధవారం కూడా చిట్టాలో వచ్చింది. ఉత్త హెచ్చరికే కదా అనుకున్నాను."

ఉత్త హెచ్చరికే, కండక్టరు 'లోపలికి జరగండి' అన్నట్టు, పట్టించుకోవద్దు అని బుధవారం ఆమెకు చెప్పింది నేనే. ఆ పిల్ల మంచిది. నా పేరు చెప్పలేదు.

ఫొటోను రవ్వంత తగ్గించింది. పక్కన పెట్టినదంతా తిరిగి చేర్చింది. యంత్రం రెండుసార్లు చదువుకుంది. ఇరవై పైచిలుకు బొమ్మలు చెప్పాపెట్టకుండా వాటి చోట్లకు వచ్చి కూర్చున్నాయి. ప్రశ్నార్థకాలు పోయాయి. ఎస్తేరు ఈయన చేతులు పట్టుకోబోయింది. ఈయన "సరి, సరి" అని వెనక్కి జరిగాడు. ఆయన నోట మెచ్చుకోలంటే అంతే, సరి అన్న ఒక్క మాట. ఆ రోజు రెండుసార్లు అన్నాడు.

ఒక ప్రతి ప్రింటు తీసి, మూడు జిరాక్సులు తీసి, స్పైరల్ బైండింగ్ వేసేసరికి మూడు నలభై. ఎప్పుడూ లేనిది ఈయన కూడా మాతో ఆఫీసుకు బయల్దేరాడు. పిల్ల మీద ప్రేమ అనుకున్నాను. కాదు. "ఆయప్ప స్కేలు చూడాల. కొన అరిగిపోయింటాదని నాకు అనుమానం," అన్నాడు దారిలో.

గుమాస్తా ఒక్కొక్క పుటే కొలిచాడు. కిటికీకి ఇవతల ఈయన తన స్కేలు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒకసారి చూసుకున్నారు. నాలుగో అధ్యాయం దాటింది. చివరి పుట అయ్యింది. ఎస్తేరు ఊపిరి వదిలింది. అప్పుడు గుమాస్తా మళ్లీ మొదటికి తిప్పి, కృతజ్ఞతల పుట మీద స్కేలు పెట్టాడు.

"ఆగల్లమ్మా. ఈ లైను ఆచెగె బందిదె."

కుదరదన్నాడు. కుడివైపు ఒక లైను అంచు దాటి బయటికి వచ్చింది. నేను రంగంలోకి దిగాను. సార్, గోరంత సార్, కృతజ్ఞతలే కదా సార్, తుప్పు గురించి కాదు కదా సార్, ఆరేళ్ల కష్టం సార్ అని ఇంట్లో నేర్చిన విద్యంతా ప్రయోగించాను. గుమాస్తా కొంచెం మెత్తబడినట్టే కనిపించాడు. ఇంతలో ఈయన తన స్కేలు ఆ లైను మీద పెట్టి చూశాడు.

"ఆయన చెప్పేది సరే శెట్టీ. నాలుగు మిల్లీమీటర్లు ఉండాది."

బేరం అక్కడితో చచ్చింది. అయిదుకు కిటికీ మూస్తానని గుమాస్తా గడియారం చూపించాడు.

పరిగెత్తి అంగడికి వచ్చాం. తెర మీద ఆ లైను చదివాను. దేవుడికి, తల్లికి, గైడుకి, హాస్టలు స్నేహితులకు చెప్పాక, చివరి లైనులో 'థీసిస్‌కు రూపం ఇచ్చిన' అని మా అంగడి పేరు, దాని తర్వాత ఈయన పేరు ఉన్నాయి. ఈయన పేరు ఎప్పుడు రాసిందో తెలియదు. మధ్యాహ్నం ప్రింటుకు ముందే రాసి ఉంటుంది. ఆ హడావిడిలో చివరి చిట్టా ఈయన కూడా చదవలేదు. మా అంగడి పేరు మాత్రం అంతకు ముందు వారమే నేను అడిగి పెట్టించుకున్నది. థీసిస్ లైబ్రరీలో ఉంటుంది, వచ్చే ఏడు రాసేవాళ్లంతా ముందు దాన్నే తిరగేస్తారు, చూసి మా దగ్గరికి వస్తారు అని నా లెక్క.

ఈయన పేరు పొడుగు. ముందు ఊరి పేరు, తర్వాత తాత పేరు, దాని తర్వాత దేవుడి పేరు, అన్నీ కలిపి ఒకే మాట. ఎక్కడ విరవాలో తెలియక యంత్రం దాన్ని అంచు బయటికి వదిలేసింది.

"మధ్యలో గీత పెట్టి విరిచేద్దాం," అన్నాను.

"మనిషి పేరు రెండు ముక్కలు చేస్తావా?" అన్నాడు ఈయన.

ఎస్తేరు మాటలు మార్చి చూసింది. పేరు కింది లైనుకు దిగింది. ఆ ఒక్క లైనుతో కృతజ్ఞతలు రెండో పుటకు పోయాయి. అట్లా పోతే తర్వాతి పుటల అంకెలు, విషయసూచిక అన్నీ మారతాయి. నాలుగు ప్రతులూ మళ్లీ మొదటి నుంచి. అప్పటికి నాలుగు నలభై. ఒక్క పుట మార్చడానికే టైముంది.

"పేరు తీసెయ్యమ్మా," అన్నాడు ఈయన.

"ఊరుకోండి సార్! హాస్టలు వాళ్లను తీసేస్తాను."

"ఆ పిల్లలు నీకు అన్నం దాచిపెట్టినారు అని రాసినావు కదా. ఉండనీ."

"అయితే మా గైడును తీసేస్తాను. అసలు ఫొటో పెద్దది చెయ్యమన్నది ఆయనే!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరి పేరు మీదా ఆమె వేలు పడలేదు. గోడ మీద గడియారం నాలుగు నలభై రెండు చూపిస్తోంది. నేను పక్కనుంచి చెయ్యి చాపి ఈయన పేరు కొట్టేశాను. లైను లోపలికి వచ్చి బుద్ధిగా కూర్చుంది. ప్రింటు నొక్కాను.

అయిదుకు మూడు నిమిషాలుండగా గుమాస్తా కొత్త పుట మీద స్కేలు పెట్టాడు. ముద్ర వేసి రసీదు చించి ఇచ్చాడు. ఎస్తేరు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"సార్, వైవా అయ్యాక గట్టి అట్ట ప్రతి వేస్తాను కదా. అందులో మీ పేరు పెడతాను."

"కుదిరిన పుటను కదపొద్దమ్మా," అన్నాడు ఈయన. "పో, మీ అమ్మకు ఫోన్ చేసుకో."

ఆ పిల్ల ఎస్‌టీడీ బూత్ వైపు పరిగెత్తింది. మేమిద్దరం వెనక గేటు దాటి బస్‌స్టాపు దాకా నడిచాం. ఈయన స్కేలును జేబులో పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"శెట్టీ."

"చెప్పన్నా."

"నీ అంగడి పేరు తీసింటే కూడా లైను సరిపోయేది కదప్పా?"

"నేను చూడలేదన్నా," అన్నాను.

కాడుగోడి బస్సు వచ్చింది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, ఒకసారి నావైపు తిరిగాడు.

"చూసింటావు," అని లోపలికి జరిగాడు.